కుండ పక్కన చదువు

సోమవారం, జూలై 2003

ఇంట్లోనే చదువుకునే పిల్లల మీద పరిశోధన చేస్తున్న యూనివర్సిటీ అమ్మాయి ఇవాళ వచ్చింది. ఆమె వస్తోందని పొద్దున్నే పూతరేకుల పొయ్యి ఆర్పేసి, పక్కింటి నల్లబల్ల తెచ్చి వసారాలో పెట్టి, మా చిన్నిని దాని ముందు కూర్చోబెట్టాను. నా బుద్ధి ఏమైందో!

"రోజూ ఇలాగే చెబుతారాండీ?" అని ఆ అమ్మాయి అడిగింది.

నేను "ఆయ్" అన్నానో లేదో, చిన్ని అందుకుంది. "కాదండీ. రోజూ అమ్మ రేకులు తీస్తుంటే పక్కన కూర్చుని చదువుతానండీ. తప్పు చదివితే అమ్మ చెయ్యి ఆగిపోద్దండీ, కుండ మీద రేకు మాడిపోద్దండీ."

"అయితే టైమ్ టేబుల్ అంటూ లేదన్నమాట" అందామె.

నాకు ఒళ్లు మండింది. ఎడమచేత్తో రాస్తోందని దీని వేళ్లు వాచేలా కొట్టిన బడికి టైమ్ టేబుల్ ఉంది మరి! నల్లబల్లని గోడవైపు తిప్పేసి పొయ్యి ముట్టించాను. "ఇదేనండీ మా బడి. రాసుకుంటే ఇదే రాసుకోండి" అన్నాను.

చిన్ని పాఠమంతా చదివింది. ఒక్క రేకూ మాడలేదు.

దీన్ని పదో తరగతి పరీక్షకి కూర్చోనిస్తారో లేదో అన్న బెంగ మాత్రం పోలేదు. ఆ అమ్మాయి ఏం రాస్తుందో... రాసుకోనీ. ఇక ఎవరొచ్చినా పొయ్యి ఆర్పను.