చెవి నరాల శాస్త్రవేత్తకి శాలువా

షామ్‌బర్గ్, 2009 అక్టోబర్, శనివారం

అసహ్యం వేస్తోంది. పెద్ద శబ్దాలకు చెవి నరాలు చచ్చిపోకుండా కాపాడే ప్రోటీన్ మీద మా రమణ పరిశోధన. ఇవాళ తెలుగు సంఘం అతనికి శాలువా కప్పింది. వెంటనే డీజే మోత మొదలైంది. స్పీకర్ల ముందు పిల్లలు గంతులేస్తుంటే, ఈ మహానుభావుడు జేబులోంచి ఇయర్‌ప్లగ్‌లు తీసి పెట్టుకున్నాడు!

"సౌండ్ తగ్గించమని చెప్పవయ్యా, నీ మాటైతే వింటారు" అని అతని చెవి దగ్గర అరిచాను.

"వదిలెయ్ అన్నా, స్పాన్సర్లు ఫీలవుతారు. ఎలుకల్లో పనిచేసింది కదా, మనకీ ఇంజెక్షన్ వస్తుందిలే."

అంటే అప్పటిదాకా పిల్లల చెవులు పోవచ్చా? ఊరందరితో వాదించే నేను వెళ్లి బిర్యానీ లైన్లో నిలబడ్డాను.

ఇంటికొచ్చాక పాప అంది: "డాడీ, చెవిలో ఈ సౌండ్ స్టాప్ అవట్లేదు."

తగ్గిపోతుందిలే అన్నాను. నాకేం తెలుసని...