రెండో పూత

డాక్టరమ్మ గారికి నమస్కారం.

బుగ్గలు ఎర్రగా కందిపోయిన అమ్మాయిని పోయిన సోమవారం మీ దగ్గరికి తీసుకొచ్చిన తండ్రిని. తలుపులకీ బీరువాలకీ పాలిష్ వేస్తాను.

మొటిమలకి మీరిచ్చిన మందు పడుకునే ముందు ఒక్కసారే, బఠాణీ గింజంత తీసుకుని మొహమంతా పల్చగా రాయమన్నారు. వారం తిరిగినా తగ్గకపోయేసరికి నాకు ఓపిక చచ్చింది. మా పనిలో రెండో పూత పడితేగానీ మెరుపు రాదు. అదే లెక్కన పొద్దున్న కూడా అమ్మాయిని కూర్చోబెట్టి నేనే దట్టంగా పూశాను. "మండుతోంది నాన్నా" అంటే, "మందు పట్టిందన్నమాట, ఓర్చుకో" అన్నాను.

"ఇంతంత ఎవరు రాయమన్నారు?" అని మీరు అడిగినప్పుడు, "చెబితే వింటే కదండీ" అని దాని మీదికి నెట్టేశాను. అది తల దించుకుని "నేనే రాసుకున్నానండీ" అంది. నేను తినాల్సిన చివాట్లన్నీ అదే తింది. ఇంటికొచ్చాక కూడా నన్ను ఒక్క మాట అనలేదు.

ఎరుపు తగ్గేదాకా మందు ఆపమన్నారు, ఆపాం. ఇవాళ మళ్లీ చూపించమన్నారు కానీ, నాకు మొహం చెల్లక దాన్ని ఒక్కదాన్నే పంపిస్తున్నాను. తప్పు నాదేనని దానితో చెబుదామని మూడుసార్లు పిలిచాను, మూడుసార్లూ మంచినీళ్లు అడిగి ఊరుకున్నాను. అందుకే ఈ ఉత్తరం దాని చేతికే ఇస్తున్నాను. కవరు అంటించడం లేదు.

ఇట్లు,
అమ్మాయి తండ్రి