కంకర దారిన ఆగని సైకిల్

మా ముత్తక్క కాళ్లకు తమ్ముడు కన్నయ్య దండం పెట్టి రాస్తున్నది.

అక్కా, నేను ఇక్కడ బాగున్నాను. నువ్వు, బావ, వదిన, నీ కూతురు చిన్ని అంతా బాగున్నారని తలుస్తాను. బావ మోకాలి నొప్పి తగ్గిందా? అన్న పోయాక వదిన నలుగురిలో కూర్చుంటున్నదా? నేను వేళకు తింటున్నాను, వేళకు పడుకుంటున్నాను. నా గురించి దిగులు పెట్టుకోవద్దు. ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. గుట్ట ఎక్కితేగానీ నీకు సిగ్నల్ రాదు. ఎక్కాక ఊళ్లో సగం మంది నీ చుట్టూ చేరి స్పీకర్ పెట్టమంటారు. అందుకే రాస్తున్నాను. ఇందులో రెండు కాగితాలున్నాయి. ఈ మొదటిది చిన్నితో చదివించుకుని అందరూ వినండి. రెండోది మాత్రం నువ్వే చదువుకో. ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి దాకా చదివినదానివి, కూడబలుక్కుని అయినా చదవగలవు.

హైదరాబాద్ సైకిల్ షోరూములో నా చేతిపని చూసి, ఈ ద్రాక్షల సీజనుకు నన్ను ఫ్రాన్స్‌కు పిలిపించిన ఎలెన్ గారి గురించి చెప్పాను కదా. మంచి మనిషి. వారానికో టూరిస్టుల జట్టు చుట్టాల్లా దిగుతుంది. ఎనిమిది మందో పది మందో ఉంటారు, ఎక్కువమంది తల నెరిసినవాళ్లే. లావు టైర్ల సైకిళ్ల మీద వాళ్లను ద్రాక్షతోటల మధ్య కంకర దారుల్లో రోజంతా తిప్పుతాం. ముందు ఎలెన్ గారు, చివర నేను. పంక్చర్లు, చైన్లు, బ్రేకులు నావి. వెనకబడినవాళ్లకు కూడా వెనక ఉండటమే నా ఉద్యోగం.

ద్రాక్షతోటంటే మన దగ్గరలా పందిళ్లు అనుకోకు. మిరపచేనులా సాళ్లు సాళ్లుగా పొట్టి చెట్లు. కోతకు వేరే దేశాల నుంచి కూలీలు వస్తారు. మనవాళ్లు ఖమ్మం వైపు మిరప ఏరడానికి పోయినట్టే, మూటా ముల్లే కట్టుకుని వస్తారు. వాళ్ల వంగిన నడుములు చూస్తే మన ఊరివాళ్లే అనిపిస్తుంది. నేల తెల్లగా, రాళ్లమయం. సముద్రం దగ్గరే గానీ ఎండ మన భద్రాచలం ఎండకు తీసిపోదు. దూరపు కొండలు నునుపు అంటారు గానీ, ఇక్కడికొచ్చి చూస్తే ఇక్కడిదీ కంకరే.

వింతేమిటంటే, వచ్చినవాళ్లకు ఆ కంకరే కావాలి. తారు లేని, బండి రాని దారులు వెతికి మరీ తీసుకుపోతాం. పొరపాటున ఒక కారు ఎదురైతే ఎలెన్ గారు వాళ్లకు సారీ చెప్పుకుంటుంది. మొదటి వారం ఒకామె సైకిల్ దిగి, కళ్లు మూసుకుని, ఒక్క బండి చప్పుడు కూడా లేదు, ఎంత అదృష్టమో అంది. నేను ఆమె సైకిల్ పట్టుకుని నిలబడ్డాను. మన దారి సంగతి ఆమెకు ఎలా చెప్పను?

రొట్టె గట్టిది, కూరలో కారం లేదు. వాళ్ల ద్రాక్ష సారా తాగావా అని బావ తప్పకుండా అడుగుతాడు. ఒక గుక్క తాగాను. మన ఇప్పసారా ముందు అది పిల్లల మందని చెప్పు. తెలుగు మాట్లాడే మనిషి ఒక్కరూ లేరు. షెడ్డులో చైను బిగిస్తూ "ఏందే, గట్ల జారుతున్నవ్" అని దాన్నే పలకరిస్తుంటాను. అందరి సైకిలుకూ రెండు సీసాల నీళ్లుంటే నా దానికి ఆరు. ఎత్తు వచ్చిన ప్రతిచోటా నీళ్లు కావాలా, ఆగుదామా అని ఒక్కొక్కరినీ అడుగుతాను. అందరూ నన్ను వాటర్ బాబు అని ఆటపట్టిస్తారు.

నా పాత సైకిల్ తుప్పు పడుతోందని బావ అన్నాడు. చిన్ని బడికి తీసుకుపోనీ. వెనక క్యారియర్ మాత్రం విప్పేయమను. పెద్దలందరికీ దండాలు చెప్పు. వదినకు ప్రత్యేకంగా చెప్పు.

*

అక్కా, ఇది నీ ఒక్కదానికే. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడనీ.

వేళకు తింటున్నానని మొదటి కాగితంలో రాశాను. అబద్ధం. పోయిన నెల నువ్వు గుట్ట మీద నుంచి ఫోన్ చేసి, "తమ్మీ, కొత్తల పండుగకు అన్న వంతు నువ్వే పెట్టాలె. పాణం పోయేటప్పుడు నోట్ల నీళ్లు పోసినోని చెయ్యే ముందు పడాలె. నువ్వొచ్చేదాక ఇంట్ల ఎవ్వరం కొత్త చిక్కుడు ముట్టం" అన్నావు. కొత్త పంటలో పోయినవాళ్ల వంతు పెట్టాకే తినే మన ఇంటి అలవాటు నాకు తెలియనిది కాదు. సరే అన్నాను. ఆ రోజు నుంచి ముద్ద దిగడం లేదు.

నిరుడు వానల్లో నేను సెలవుకు వచ్చిన వారమే కదా అన్నకు జ్వరం ముదిరింది. అంబులెన్స్ వాళ్లకు ఫోన్ చేస్తే, కంకర దారిలో బండి రాదు, పర్ణశాల తారురోడ్డు దాకా మీరే తీసుకురండి, ఎక్కువసేపు ఆగలేం అన్నారు. నువ్వే అన్నను నా వెనక కూర్చోబెట్టి, ఎర్ర తువ్వాలతో అతని నడుమును నా నడుముకు కట్టావు. స్టీలు సీసాలో నీళ్లు నింపి హ్యాండిల్‌కు తగిలించావు. "దారిల తాపియ్ తమ్మీ" అన్నావు. బావ వెనకే నడిచి వచ్చాడు గానీ మొదటి వాగు దాటేసరికే కనపడకుండా పోయాడు.

రెండో వాగు దాటి మద్దిచెట్టు ఎత్తు ఎక్కుతున్నాను. అన్న నా వీపుకు తల ఆనించి, "తమ్మీ, జర ఆపురా. దూపైతంది" అన్నాడు.

"ఇగ వచ్చినం అన్నా. రోడ్డు కనబడ్తంది" అన్నాను. రోడ్డు కనపడటం లేదు. దింపితే మళ్లీ ఒక్కణ్ణే ఎక్కించలేనని, ఆ బండి వెళ్లిపోతుందని భయం. కొంచెం దూరం పోయాక, "ఒక్క గుక్కరా" అన్నాడు. నేను ఇంకా గట్టిగా తొక్కాను. మూడోసారి అడగలేదు. నిద్రపట్టిందనుకున్నాను. అలా అనుకున్నానని రాస్తున్నాను గానీ, అక్కా, నా నడుముకు ఆ బరువు తెలిసింది.

తారురోడ్డుకు ఇంకో మలుపు ఉందనగా అప్పుడు ఆపాను. అన్నలో ఊపిరి లేదు. సీసా నిండుగా అలాగే ఉంది. నువ్వు చూస్తావని మూత తీసి అంతా కంకర మీద ఒంపేశాను. ఇంటికి వచ్చాక ఖాళీ సీసా చూసి "తాగిండా?" అని అడిగావు. "తాగిండు, నేనే పోసిన" అన్నాను. నువ్వు ఈ చేతిని పట్టుకుని కళ్లకద్దుకున్నావు.

దీన్ని కడుపులోనే పెట్టుకుని బతుకుదామనుకున్నాను. పోయిన వారం ఇక్కడ ఒక ముసలాయన ఎత్తులో చెయ్యెత్తి నీళ్లన్నాడు. ఆపాను. రాతిగోడ మీద కూర్చుని తాగి, మూతి తుడుచుకుని, నా వల్ల మీకు ఆలస్యమైందని బాధపడ్డాడు. నేను గడియారం చూశాను. మూడు నిమిషాలు పట్టింది, అక్కా. మూడు నిమిషాలే. ఆయన్ను ముందు పంపించి, ద్రాక్షచెట్ల సాలులో కూర్చుని ఏడ్చాను.

ఆ చేత్తో అన్న వంతు పెట్టలేను. సీసా నింపింది నువ్వు. నీ చేత్తోనే పెట్టు. నా కోసం పండుగ ఆపొద్దు, చిన్నిని కొత్త చిక్కుడు తిననీ. వదినకు చెప్పాలో వద్దో నీకే తెలుసు. చెప్తే ఆమె ఏమన్నా పడతాను.

ద్రాక్షకోత అయిపోగానే బయలుదేరుతున్నాను. జవాబు రాయొద్దు. ఆ సీసా ఇంకా వంటింటి మేకుకే ఉందని చిన్ని చెప్పింది. నేను వచ్చే రోజు దాన్ని వాకిట్లో పెట్టు. నిండుగా ఉంటే నన్ను ఇంట్లోకి రమ్మన్నావని అనుకుంటాను. ముందు మద్దిచెట్టు ఎత్తు దాకా పోయి అన్నకు పోసి, తర్వాత గడప ఎక్కుతాను. ఖాళీగా ఉంటే నిన్ను ఒక్క మాట అడగను. వాగులో నేనే నింపుకుని, అన్నకు పోసి, అటు నుంచి అటే పోతాను.

నన్ను దీవించమని అడిగే ముఖం లేదు. అయినా అడుగుతున్నాను.

నీ తమ్ముడు,
కన్నయ్య