సిద్రా చేతుల్లో మేయరు చొక్కా

మనీలా,
గురువారం ఉదయం.

పూజ్యులైన తాతయ్యకు,

దీవెన కోసం మీ కుడిచేతిని అందుకుని నా నుదుటికి ఆనించుకున్నట్టే భావించి ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. ఇక్కడ నేను క్షేమం. హాస్టలు గదిలో ముగ్గురం, పైకప్పు మీది బల్లితో కలిపి నలుగురం, అందరమూ క్షేమమే. మీరూ, లూమింగ్ అత్తా, ఆవిడ కోళ్ళూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

అక్షరాలు ఇంత పెద్దవిగా ఎందుకున్నాయో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. భూతద్దం పెట్టుకుంటే మీరే చదువుకోగలగాలని కుంచె కలంతో రాస్తున్నాను. నా ఉత్తరాలు ఎప్పుడూ లూమింగ్ అత్తే మీకు చదివి వినిపిస్తుంది. ఈ ఒక్కటి మాత్రం ఆవిడ చేతికి ఇవ్వకండి. గుమ్మంలో నిలబడి పోట్లాడితే విశ్వవిద్యాలయపు రహస్యమని చెప్పండి. పోస్టులో వేస్తే సమయానికి చేరదు కనుక మన ఊరు అటిమోనన్ వచ్చే బస్సు కండక్టరుకు ఇచ్చి పంపుతున్నాను. శనివారం పదిగంటలకు ఆ సినిమా నిర్మాత శ్రీమతి ఒలింపియా దుమ్లావ్ కారు మన ఇంటి ముందు ఆగుతుంది. ఆలోగా మీరు దీన్ని చివరిదాకా చదవాలి. చదవక ముందు ఆవిడ తెచ్చే ఒప్పంద కాగితం మీద సంతకం చేయవద్దు. చదివిన తరువాత మీ ఇష్టం.

ముందు మీ ప్రశ్నలకు జవాబులు. ఎండుచేపలు అందాయి. వేయించిన రోజున వార్డెను ఆ వాసన పట్టుకుని మూడంతస్తులు ఎక్కివచ్చి, మమ్మల్ని చెడామడా తిట్టి, రెండు తిని వెళ్ళింది. దగ్గు తగ్గింది. ఆదివారం చర్చికి వెళుతున్నాను. ఫాదరు గారి ప్రసంగంలో తర్కదోషాలు లెక్కపెట్టడం మానమన్నారు. అది మాత్రం మానలేకపోయాను.

మీ నాలుగో ప్రశ్నను మీ మాటల్లోనే తిరిగి రాస్తున్నాను. "లువా, నువ్వు చదువుకున్నదానివి. సినిమావాళ్ళు నా సిద్రాను అడుగుతున్నారు. ఎప్పుడో యాభై ఏళ్ళ కిందట ముప్ఫై వారాలు నడిచి ఆగిపోయిన బొమ్మల కథ. ఎవరూ ఎరగని ఒక బట్టలుతికే పిల్ల కోసం జనం టికెట్టు కొంటారంటావా? ఆమె ముఖం ఇప్పుడు నాకే సరిగా గుర్తు రావడం లేదు."

దీనికి జవాబు చివర రాస్తాను. ఎందుకంటే ఒకసారి ఇప్పటికే చెప్పేశాను. మీకు కాదు, నాలుగు వందల మందికి.

కిందటి శనివారం విశ్వవిద్యాలయాల చర్చాపోటీలో తుది పోరు జరిగింది. విషయం: మరుగునపడిన బొమ్మల కథల పాత్రలతో సినిమాలు తీయడం వృథా. మా పోటీలో ఏ పక్షాన వాదించాలో మేము నిర్ణయించుకోము, నాణెం నిర్ణయిస్తుంది. అది గాలిలో తిరుగుతున్నంతసేపే మనకొక అభిప్రాయం ఉంటుంది. నేల మీద పడిన క్షణం నుంచి పక్షమే మన అభిప్రాయం. వృథా కాదని వాదించే పక్షం రావాలని నేను నిజంగానే కోరుకున్నాను. రాలేదు.

నేను ఎలా వాదించానో మీకు తెలియాలి. సినిమాకు వచ్చేవాడు తన సాయంకాలాన్ని పణంగా పెడతాడనీ, ముక్కూమొహమూ తెలియనివాడి కోసం ఆ పని చేయడనీ అన్నాను. తెలిసిన పేరంటే ప్రేక్షకుడి మనసులో అప్పటికే సగం తీసి ఉన్న సినిమా అనీ, తెలియని పేరంటే మొదటి గంటంతా పరిచయాలకే ఖర్చయ్యే సినిమా అనీ అన్నాను. ఎదుటి పక్షాన ఉన్న దవావో జట్టు అమ్మాయి మా పద్ధతి ప్రకారం ఒక చెయ్యి నెత్తిన పెట్టుకుని, ఇంకో చెయ్యి ముందుకు చాచి లేచింది.

"ఒక్క ప్రశ్న! ఇవాళ అందరికీ తెలిసిన వీరులు మాత్రం, పుట్టిన రోజున ఎంతమందికి తెలుసు?"

"పుట్టిన రోజున ఎవరికీ తెలియదు, ఒప్పుకుంటాను," అన్నాను. "కానీ మనం మాట్లాడేది పుట్టినవాళ్ళ గురించి కాదు తల్లీ, పాతిపెట్టినవాళ్ళ గురించి. కూర్చో."

హాలంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వు ఎలాంటిదో చెప్పలేను తాతయ్యా. అది తలకెక్కితే మనిషి ఇంకా ఇంకా కావాలంటాడు. రెండు నిమిషాలు మిగిలాయి. చివరి దెబ్బకు ఒక ఉదాహరణ కావాలి. సిద్రాను బయటికి లాగాను. "ఎగరదు. కత్తి పట్టదు. మరక పడిన బట్టను నీళ్ళలో పిండితే, అది తొడుక్కున్నవాడు చేసిన పాపం ఈవిడకు కనిపిస్తుందట. అదే ఈవిడ వీరత్వం, సబ్బుతో సహా!" అన్నాను. మళ్ళీ నవ్వారు. అప్పుడు అన్నాను: "ఈ పాత్రను గీసిన చిత్రకారుడు పోయిన నెల నాకు ఉత్తరం రాశారు. ఆమె ముఖం ఇప్పుడు తనకే సరిగా గుర్తు రావడం లేదన్నారు. కన్నతండ్రే గుర్తుపట్టని పిల్లను ప్రేక్షకుడు గుర్తుపడతాడా?"

గెలిచాము. కప్పు మా గది కిటికీలో ఉంది. దాన్ని గోడవైపుకు తిప్పి పెట్టాను.

పోటీ ముగిశాక నడవలో ముత్యాల హారం వేసుకున్న ఒక పెద్దావిడ నా భుజం తట్టింది.

"బాగా మాట్లాడావమ్మాయ్. ఆ చిత్రకారుడు మీ తాతగారే కదూ? ఇద్దరి ఇంటిపేరూ ఒకటే. నేను ఒలింపియా దుమ్లావ్‌ని."

చేతిలోని కప్పును వీపు వెనక్కి పెట్టుకున్నాను.

"భయపడకు. నీ ధర్మమా అని నాకో దారి దొరికింది. మూడు నెలలుగా మావాళ్ళు నా బుర్ర తింటున్నారు, ఈ బట్టలుతికే దాన్ని ఎవరు చూస్తారండీ అని. నువ్వు ఏడు నిమిషాల్లో తేల్చేశావు. ఇక సిద్రా అనే పేరుండదు. వెండి కవచం పెడతాం, రెక్కలు పెడతాం, జనానికి ఇదివరకే తెలిసిన ఒక వీరనారి పక్కన చెల్లెలుగా నిలబెడతాం. ఆ మేయరు, వాడి చొక్కా, ఆ నస అంతా తీసేద్దాం."

"మా తాతయ్య ఒప్పుకోరు."

"మనుమరాలే చెప్పిందంటే ఎందుకు ఒప్పుకోరు? శనివారం కొత్త కాగితం తీసుకుని నేనే వెళుతున్నా."

"అది నా అభిప్రాయం కాదండీ. నాణెం ఇచ్చిన పక్షం."

ఆవిడ నవ్వింది. కోపంగా కాదు, జాలిగా. "పక్షాన్ని నాణెం ఇచ్చిందమ్మా. ఉత్తరంలో వాక్యాన్ని ఎవరిచ్చారు?"

మేము వేదిక మీద అన్న మాటలు వేదిక దిగగానే చెల్లవని మాలో మాకొక నమ్మకం ఉంది. ఎదుటి జట్టును చీల్చి చెండాడి, ఆపైన వాళ్ళతోనే కూర్చుని నూడుల్స్ తింటాము. ఆ నియమం హాలు తలుపు దాకానే పనిచేస్తుందనీ, తలుపు అవతల ఉన్నవాళ్ళకు మాట మాటగానే చేరుతుందనీ నాకు ఎన్నడూ తట్టలేదు.

సోమవారం జరిగింది కూడా చెప్పాలి. విజయోత్సవంలో బెనిల్డా నా తెల్ల జాకెట్టు మీద పళ్ళెంతో సహా స్పఘెట్టి ఒలకబోసింది. మా జట్టులో రెండో వక్త ఆ పిల్ల. ఆ జాకెట్టును మా వీధి చివర బట్టలుతికే ఆలింగ్ సెపా దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆవిడకు అరవై ఏడేళ్ళు. నోరు మాత్రం పదహారేళ్ళది.

జాకెట్టు ఎత్తి వెలుతురులో చూసి, "అబ్బో, పెద్ద మరకే. నేను సిద్రాను కాను గనక బతికిపోయావు. లేకపోతే నువ్వు చేసిన ఘనకార్యమంతా ఈ తొట్టెలోనే కనపడేది," అంది.

తొట్టె దగ్గరికి జరిగాను. "ఏ సిద్రా?"

"మీ చదువుల్లో ఉండదులే. మా కాలపు బొమ్మల కథ. బడ్డీకొట్టులో తాళ్ళకు క్లిప్పులు పెట్టి వేలాడదీసేవాడు. అద్దెకిచ్చేవాడు. మేం అయిదుగురం పిల్లలం కుళాయి దగ్గర ఉతికేవాళ్ళం. తడిచేత్తో పుస్తకం ముడితే ఆ కొట్టువాడు చంపేసేవాడు! అందుకని వారానికొకరు చెయ్యి తడుపుకోకుండా కూర్చుని పైకి చదవాలి. వాళ్ళ మూట మిగతా నలుగురూ ఉతకాలి. సిద్రా వచ్చే రోజైతే, చదివే వంతు కోసం జుట్లు పట్టుకునేవాళ్ళం."

"ఎక్కడ ఆగిందో గుర్తుందా?"

"మర్చిపోతానా? మేయరు చొక్కా. తెల్లది. నీళ్ళలో ముంచి పిండగానే వాడు చేసిన హత్య కనపడింది. పోలీసు వాడివాడే, జడ్జీ వాడివాడే. వాడేమో గుమ్మంలో నిలబడి, 'ఏమే, అయిందా?' అంటున్నాడు. మరక వదలగొడితే సాక్ష్యం పోతుంది, వదలగొట్టకపోతే ప్రాణం పోతుంది. వచ్చే వారం అన్నారు. ఆ వారమే దేశంలో సైనిక పాలన పెట్టి పత్రికలన్నీ మూసేశారు కదమ్మా. వేరేవి మళ్ళీ వచ్చాయి. అదొక్కటి రాలేదు." జాకెట్టును బకెట్లో పడేసింది. "అయిదుగురం అయిదు ముగింపులు చెప్పుకున్నాం. ఇద్దరు పోయారు. మిగిలిన ముగ్గురం ఇప్పటికీ పుట్టినరోజు విందుల్లో దానిమీద కొట్టుకుంటాం. ఉతికేసిందంటుంది తాసింగ్. దానికెప్పుడూ పిరికితనమే."

అప్పుడు నేను అడగవలసినది అడిగాను. "ఆమె ముఖం ఎలా ఉంటుంది?"

ఆలింగ్ సెపా నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "ముఖం ఎవరు చూశారే? ఎప్పుడూ వంగి ఉతుకుతుంటే ముఖమెక్కడ కనపడుతుంది? జుట్టు ముందుకు పడి ఉంటుంది. గీసినాయన చేతులు గీశాడు. ఆ చేతులు చూసే కదా ఇది మనదే అనుకున్నాం." తన చేతులు నురుగులోంచి తీసి చూపించింది. లావెక్కిన కణుపులు, తెల్లగా నానిన వేళ్ళు, కుడి బొటనవేలి మీద పగులు. "ఇవిగో. ఇలాగే ఉండేవి."

తాతయ్యా, మీ వాక్యాన్ని నేను సాక్ష్యంగా చూపించాను. అది తప్పుడు సాక్ష్యం. మీకు ఆమె ముఖం గుర్తులేకపోవడం మరపు కాదు. మీరు ఆ ముఖాన్ని గీయనే లేదు. మీరు మరచిపోనిదేదో మీ చేతులను అడిగితే తెలిసేది. నేను అడగలేదు. నాకు అప్పుడు నవ్వు కావలసివచ్చింది.

ఇక ఇంతవరకూ దాచిన మాట. ఇది దాచి, తక్కినదంతా చెప్పి, నిజాయితీపరురాలిననిపించుకోవాలని మొదట అనుకున్నాను. శ్రీమతి దుమ్లావ్ ఎవరో నడవలోనే తెలిసినట్టు పైన రాశాను. అబద్ధం. చివరి రెండు నిమిషాలకు ముందే, ముందువరుసలో అతిథులతో కూర్చున్న ఆవిడ బల్ల మీది పేరుపలకను చదివాను. ఆ పేరు మీ ఉత్తరంలోనూ ఉంది. బెనిల్డా కూడా చూసింది. నా ముందుకు ఒక చీటీ జరిపింది. "సిద్రా వద్దు" అని ఉంది అందులో. ఆ చీటీని మడిచి, నీళ్ళగ్లాసు కింద పెట్టి, మాట్లాడాను. ఆ సినిమా మీకు ఏమిటో నాకు తెలుసు. డాక్టరు మీ చూపుకు ఇచ్చిన గడువు ఒక ఏడాదే అనీ, తెర మీద ఆమెను ఒక్కసారి చూడాలని మీరు లూమింగ్ అత్తతో అన్నారనీ తెలుసు. తెలిసీ గెలవాలనుకున్నాను. నాణెం మీద నెట్టడానికి ఇందులో ఏమీ లేదు.

రెక్కల సిద్రాకు సంతకం చేస్తే ఏడాదిలోపే సినిమా వస్తుంది. నిరాకరిస్తే అసలు ఏ సినిమా రాకపోవచ్చు. ఈ రెండింటిలో ఏది మేలో చెప్పే అర్హత నాకు లేదు. ఎటు పడినా ఒప్పుకుంటాను. అయితే శ్రీమతి దుమ్లావ్ "మీ మనుమరాలే నిరూపించింది" అని అన్నప్పుడు, ఆ నిరూపణ ఏ పాటిదో మీకు తెలిసి ఉండాలి.

ఇప్పుడు నాలుగో ప్రశ్న. ఎవరూ ఎరగని సిద్రా కోసం జనం టికెట్టు కొంటారా? దేశం సంగతి నాకు తెలియదు. సినిమా మూడు రోజుల్లో ఎత్తేయవచ్చు. సిద్రాను గీసినాయన మా తాతయ్యేననీ, బతికే ఉన్నారనీ నిన్న ఆలింగ్ సెపాకు చెప్పాను. ఆవిడ సబ్బు కింద పడేసింది. సాయంత్రానికల్లా తాసింగ్‌నూ, నెనెంగ్‌నూ వెంటబెట్టుకుని బస్‌స్టాండుకు వెళ్ళింది. నాకు తెలిసినంతవరకు మూడు టికెట్లు అమ్ముడుపోయాయి. శనివారం మొదటి బస్సు, అటిమోనన్‌కు.

నేనూ అదే బస్సులో వస్తున్నాను. మీకు నా ముఖం చూడాలని లేకపోతే లూమింగ్ అత్తను గేటు దగ్గర నిలబెట్టండి. నేను బజారులోనే ఆగిపోతాను. వాళ్ళ ముగ్గురినీ మాత్రం వరండాలో శ్రీమతి దుమ్లావ్ ఎదురుగా కూర్చోబెట్టండి. వాళ్ళు పట్టుకునే కాఫీ కప్పుల వైపు ఒకసారి చూడండి. మీరు గీసిన చేతులు మీకే కనిపిస్తాయి. ఆవిడ కాగితం బల్ల మీద పెట్టేలోగా, ఆ చొక్కా ఏమైందో వాళ్ళకు చెప్పండి. నాకు చెప్పకపోయినా సరే.

ఇట్లు,
మీ చేతిని మరోసారి నుదుటికి ఆనించుకునే అనుమతి కోసం ఎదురుచూసే
మీ మనుమరాలు,
లువల్హతి