ఇంగ్లండు నుంచి వచ్చిన రెండు కవర్లు

నాగలమడిక,
12-5-1986

బెంగుళూరు హాస్టల్లో ఉండే పాప ముత్తక్కకు చిన్నాయన కొల్లప్ప దీవించి రాసేది. ఈడ మేము బతికుండాము, ఆడ నువ్వూ బతికుండావని నమ్మి రాస్తా ఉండా.

నీ పేరున ఇంగ్లండు నుంచి కవరు వచ్చినాది. పోస్టుమాస్టరు తిప్పేస్వామితో చదివిస్తే, మొదటి వరసకే ఆయప్ప టోపీ తీసేసినాడు. "రిగ్రెట్ అని ఉండాది కొల్లప్పా. తంతిలో ఈ మాట వస్తే చావే" అన్నాడు. మిగతా ఇంగ్లీషు ఆయప్పకు రాదు. మనోళ్లు ఎవురూ ఆ దేశం పోలేదు గదా, సచ్చిందెవరు? వెంటనే జవాబు రాయి.

ఇట్లు,
చిన్నాయన

తా.క.: ఎందుకైనా మంచిదని అంటు స్నానాలు చేసినాము. బోరు ఎండిపోయి ఇంటిల్లిపాదికీ ఒకటే బిందె. మీ చిన్నమ్మ బోరమ్మకు తల మాత్రం తడిసినాది.

బెంగుళూరు,
17-5-1986

చిన్నాయనకు, చిన్నమ్మకు ముత్తక్క నమస్కారాలు.

ఎవరూ చనిపోలేదు. శనక్కాయ మొవ్వుకుళ్లు రోగం మీద పెద్ద చదువు చదువుతానని ఆడి యూనివర్సిటీకి అర్జీ పెట్టినాను. సీటు ఇవ్వలేమని రాసినారు, అంతే. మీకు చెప్పాలంటే భయమేసింది. నాలుగు దినాలు ఏడ్చినాను. "ఈ రోగం మీదే ఎందుకు చదవాలి" అని అడిగిన చోట ఏదో పుస్తకంలోది ఎక్కించినాను. మళ్లీ అర్జీ వేయొచ్చు. కానీ కాగితం ముందర కూర్చుంటే చెయ్యి కదలదు.

మీ ముత్తక్క

తా.క.: ఇంకో బిందె దొరికితే చిన్నమ్మకు మిగతా ఒళ్లు కూడా తడపండి.

నాగలమడిక,
23-5-1986

పాపకు చిన్నాయన దీవెనలు.

నీ జాబు చూసినాము. పరీక్ష పోయిన పిల్లోళ్లు మేడల మీదనుంచి దూకుతారంట, తిప్పేస్వామి చెప్పినాడు. మీ హాస్టలు మూడంతస్తులు గదా. కాగితం ముందర చెయ్యి కదలదంటావే, ఏం కాగితమది? ఆఖరి చీటీ గాని రాస్తా ఉండావా? ఈ జాబు చేరేలోపలే మీ చిన్నమ్మ ఆడుంటాది. ఆమెను దాటి యాడికీ పోవద్దు.

చిన్నాయన

తా.క.: ఊరికి వచ్చేసినా మంచిదే. ఈడ ఆ భయం లేదు. దూకేంత నీళ్లు ఏ బావిలోనూ లేవు.

బెంగుళూరు,
4-6-1986

చిన్నాయనకు నమస్కారం.

చిన్నమ్మ మేడమెట్లకు అడ్డంగా పండుకుంటా ఉండాది. వార్డెనమ్మను కూడా పైకి పోనియ్యలేదు. బట్టలారేసే తాడు చుట్టి దిండు కింద పెట్టుకునింది.

నేను రాస్తా ఉండేది అర్జీ అని నమ్మించడానికి, ఆ ప్రశ్న చదివి వినిపించినా. "దీనికి పుస్తకమెందుకే" అనింది. మొవ్వులు నల్లబడి మూడెకరాలూ పోయిన ఏడు, నువ్వు చెట్టు తర్వాత చెట్టు పీకి చూసి, మూడు దినాలు చేను ఇడిచి ఇంటికి రాలేదంట గదా. నాకు ఇన్నాళ్లూ తెలీదు. ఆమె చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో రాసి పంపినా. ఇప్పుడు ఇంకో భయం పట్టుకునింది. రమ్మంటే ఎట్ల పోయేది?

ముత్తక్క

తా.క.: చిన్నమ్మను బస్సెక్కించినా. తాడు కూడా ఆమెతోనే వస్తా ఉండాది. అది హాస్టలుది, తిరిగి పంపు.

నాగలమడిక,
20-7-1987

పాపకు చిన్నాయన, చిన్నమ్మ దీవెనలు.

రెండో కవరు వచ్చినాది. రెండు దినాలు ఎవురమూ ముట్టలేదు. మీ చిన్నమ్మే ధైర్యం చేసి ఇస్కూలు మేష్టరుతో చదివించినాది. సీటు ఇచ్చినారు. ఆమె చెప్పిన ముక్కే వాళ్లకు పట్టినాదంట.

అయితే మొదటి రెండేండ్లు రోగమొచ్చే చేన్లోనే ఉండి చూడాలంట. యా చేను అంటే, నువ్వు రాసిన మన చేనే. ఇంగ్లండు పోతావేమోనని ఏడాది పొడుగునా మేము వణికితే, వాళ్లు నిన్ను మన ఇంటికే పంపుతా ఉండారు. ఆగస్టులో ఒక దొర కూడా వచ్చి చూసిపోతాడంట.

ఇట్లు,
నీ చిన్నాయన

తా.క.: ఒక్కటే భయం. ఈ ఏడు చినుకు లేదు, ఇత్తనమే పడలేదు. రోగానికైనా చెట్టుండాల గదా. దొరకు ముందే చెప్పాల్నా, వద్దా, రాయి.