రేవతి గోడపత్రికను ఇంటికి పంపుట గురించి

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారి సముఖమునకు,
బి.ఏ. మూడవ సంవత్సరం విద్యార్థిని కోమల, చొప్పదండి, రాసుకొన్న మనవి.

విషయం: విచారణ నిమిత్తం ఆఫీసు బీరువాలో ఉంచిన గోడపత్రికను, రాసిన విద్యార్థిని తల్లికి ఇప్పించుట గురించి.

అయ్యా,

1. మా తరగతి విద్యార్థిని రేవతి ఈ వానాకాలంలో మా గోడపత్రికకు 'ట్యాంకుతో ముఖాముఖి' అనే వ్యంగ్యం రాసినది. హాస్టలు నీళ్ల ట్యాంకును ప్రశ్నలడిగి, జవాబులు ట్యాంకు చేతనే చెప్పించినది. చార్టు మీద చేతితో రాసిన పత్రిక కనుక ఉన్నది ఒకే ఒక్క ప్రతి. కళాశాలకు ఫోను తేరాదన్న నిబంధనను మేము పాటించినందున ఫోటో కూడా లేదు.

2. మొదటి పీరియడు ముగియకముందే తమ ఉత్తర్వు మేరకు దాన్ని తీసి బీరువాలో పెట్టినారు. విచారణ కమిటీ క్షమాపణ రాసిమ్మన్నది. "ఎవరికి రాయాలె సార్, ట్యాంకుకా?" అని రేవతి అడిగింది. ఆ ప్రశ్నను కూడా అభియోగాల్లో చేర్చినారు.

3. తర్వాత రేవతికి కామెర్లు అయినవి. గోదావరిఖని, గని క్వార్టర్లలోని ఇంటికి పోయింది. మళ్లీ రాలేదు. ఆ నీళ్ల వల్లనే పోయిందని నేను అనడం లేదు. డాక్టరు కూడా అనలేదు. సంతాప సభ జరిగిన వారంలో ట్యాంకు కడిగించారు. అది మాత్రం చూశాను.

4. నేను వాళ్లింటికి పోయినప్పుడు రేవతి తల్లి, వాళ్ల అవ్వ బాలలక్ష్మి గారు చెప్పిన మాటలు ఇవి.

"పదోనాడు పిట్టకు పెట్టినం బిడ్డ. గారెలు పెట్టినం. నూడుల్స్ అంటే దానికి పానమని అవి గూడ పెట్టినం. ఒక్క కాకి ముట్టలే. వాళ్ల బాపు చేతులు జోడిచ్చిండు, నీ పుస్తకాలు ఎవ్వలకియ్యం రావే తల్లీ అని. అయినా ముట్టలే. దాని మనసు దేనిమీదనో ఉన్నది. కాలేజీల ఏదో కాయితం గుంజుకున్నరట గద? గదే గావచ్చు. ఏం రాసింది బిడ్డ, జర చెప్పు."

నాకు గుర్తున్నది ఒక్కటే ప్రశ్న. 'నీ లోపల ఎవరెవరు ఉంటరు?' అంటే ట్యాంకు, 'నీళ్లు తప్ప అందరూ ఉంటరు బిడ్డా' అంటుంది. అది చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. "గిట్లనే మాట్లాడేది దొంగముండ. ఇంక?" అంది.

"యాదికి లేదమ్మా."

"మంచిగ యాది చేస్కో."

చేసుకున్నాను. రాలేదు.

5. ఆఫీసులో సూపరింటెండెంట్ నిరంజన్ గారిని అడిగాను.

"విచారణ అయిపోలేదమ్మా. రూలు ప్రకారం రాసిన పిల్లనే వచ్చి సంతకం పెట్టాలె."

"ఆమె లేదు సార్."

"లేకపోతే ఆబ్సెంట్ వేసుకుంటం. ఇంకో తారీకు ఇస్తం."

ఆ మాట అన్నాక ఆయనే తల దించుకున్నారు. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు.

కావున మనవి చేయునది ఏమనగా, వచ్చే గురువారం రేవతి నెల మాసికం. ఆ రోజు పిట్టకు పెట్టే విస్తరి పక్కన ఆ చార్టు పరుస్తారట. నేనే తీసుకుపోయి మొత్తం చదివి వినిపిస్తాను. కళాశాల పేరు, కావాలంటే ట్యాంకు పేరు కూడా కొట్టివేసి ఇచ్చినా అభ్యంతరం లేదు. సంతకం ఆమెకు బదులు నేను చేస్తాను. గురువారం దాటనీయకుండా ఈ మనవిని తమరు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
కోమల

తా.క. చార్టు ఇవ్వడం వీలుకాదంటే ఒక్కటి అడుగుతాను సార్. తమ బల్ల మీద దాన్ని పరిచిన రోజు అటెండరు అంజన్న అక్కడే ఉన్నాడట. "సారు సదువుకుంట సదువుకుంట ఒక్కకాడ నవ్విండు బిడ్డా. మల్ల మొఖం గట్టిగ పెట్టుకున్నడు" అని నాతో అన్నాడు. ఏ మాట దగ్గర నవ్వారో అదొక్కటి రాసి పంపండి. వాళ్ల అవ్వకు చెప్తాను.