కోటలో నీ మాటలు

బావా,

నిన్న నీ ఏడాది జ్ఞాపకార్థ కూడిక అయ్యాక, ఎవరికీ చెప్పకుండా ఉదయగిరి కోటకు వెళ్లాను. కోట లోపల నువ్వు కాపలా కాసిన ఆ పాడుబడ్డ పాత ఊరి చుట్టూ ఇప్పుడు కంచె వేశారు. నడవడానికి బాట పరిచారు, గేటు దగ్గర టికెట్ ఇస్తున్నారు. చూస్తే సంతోషించేవాడివి.

నీతో పాటు అక్కడ గడ్డి పీకిన రమణమ్మే ఇప్పుడు వచ్చినవాళ్లకు అన్నీ చూపిస్తోంది. నేనెవరో తెలియనీయకుండా కొంగు కప్పుకొని గుంపు వెనక నిలబడ్డాను.

"గోడలు తొక్కబాకండి నాయనా, ఇది ఒకరి ఇల్లు. ఈ మసి చూడండి. ఏ ఇల్లాలో పొయ్యి ముట్టించినాది. ఆమె పోయినా పొగ పోలా."

"ఏందమ్మా, నువ్వు చూసినావా?" అని ఒకాయన నవ్వాడు.

"మా అన్న ఒకాయన ఉండినాడులే. చూసినట్టే చెప్పేవాడు."

అవి నీ మాటలే. మసి దగ్గర గొంతు తగ్గించడం కూడా నీ దగ్గరే నేర్చుకున్నానని ఆమే గుంపుతో చెప్పింది. మనింట్లో అన్నం పెట్టు, నీళ్లియ్యి అనడం తప్ప ఏం మాట్లాడావు? నా పొయ్యి వెనక గోడ కూడా నల్లగానే ఉండేది కదా.

రమణమ్మ మంచి మనిషి. మీ మధ్య ఏమీ లేదని నాకు తెలుసు. అయినా కడుపు మండింది. బస్సులో ప్రభువును క్షమాపణ అడిగాను. అడిగాక కూడా మంట తగ్గలేదు.

వచ్చే ఆదివారం ఆరాధన కాగానే మళ్లీ వెళ్తాను. ఆమెను పలకరించను. వెనక నిలబడి, నువ్వు నాకు చెప్పని మాటలు వినేసి వస్తాను.